అడగని గది

అడగనిదే అమ్మయినా పెట్టదని మనవాళ్ళ సామెత. అమెరికాలోని ఇళ్ళను వెచ్చబరిచే యంత్రాంగం నడిచే తీరు చూస్తే, ఆ సామెత దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఇంటికంతటికీ ఒకటే ఫర్నేసు. దానికి ఆజ్ఞలిచ్చే థర్మోస్టాట్ కూడా ఒకటే. దానిని 'తాపనియంత్రకం' అని పిలుచుకోవచ్చు గానీ, పిలిస్తే పలకదు కనుక థర్మోస్టాట్ అనే అందాము. అది హాలు గోడ మీద కొలువుతీరి ఉంటుంది. హాలులోని గాలి 70 డిగ్రీల ఫారెన్‌హీటుకు, అంటే మన లెక్కలో 21 డిగ్రీలకు, చేరగానే ఇల్లంతా వెచ్చబడినట్లే లెక్కవేసుకుని ఫర్నేసును ఆపివేస్తుంది. మేడ మీది చివరి గదిలో ఎవరైనా వణుకుతున్నారేమో దానికి తెలియదు. ఆ గదికి అడిగే నోరు లేదు.

విచిత్రమేమిటంటే, గదికి నోరివ్వాలన్న ఆలోచనతోనే ఈ పరికరం పుట్టింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో, ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే కళాశాలలో వారెన్ జాన్సన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. గదులలో చలిగా ఉన్నదో వేడిగా ఉన్నదో చూడడానికి పనివాడు పాఠం మధ్యలో లోపలికి వచ్చి, ఉష్ణమాపకం చూసి, క్రిందికి వెళ్ళి వేడిని సరిచేసేవాడట. ఆ రాకపోకల బాధ పడలేక, గది చల్లబడితే క్రింద ఉన్న పనివాడికి విద్యుత్తు గంట ద్వారా కబురు అందే ఏర్పాటు ఆయన కనిపెట్టి, 1883లో పేటెంటు పొందాడు. ఆ తరువాత 1919లో న్యూజెర్సీకి చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ, ఇంటిలోని వేర్వేరు భాగాలకు వేర్వేరుగా వేడినందించగల గ్యాసు తాపన పద్ధతికి పేటెంటు తీసుకున్నది. ఇంత చరిత్ర ఉండి కూడా, మా మిషిగన్ ఇంటిలో మాట్లాడే హక్కు హాలు ఒక్కదానికే ఉండేది.

గత శీతాకాలంలో, మా ఆవిడ పురిటి సమయానికి సాయంగా ఉండడానికి మా అమ్మ తణుకు నుండి వచ్చింది. పసిబిడ్డకూ బాలింతకూ హాలు దగ్గరి గది ఇచ్చి, తాను పట్టుబట్టి మేడ మీది చివరి గది తీసుకున్నది. ఆ గది గరాజుకు పైన ఉంటుంది. మూడు ప్రక్కలా బయటి గోడలే. "చలేస్తోందా అమ్మా?" అని అడిగిన ప్రతిసారీ "నాకేం నాయనా, బాగానే ఉంది" అన్నదే జవాబు. కానీ తెల్లవారుజామున అయిదింటికే క్రిందికి వచ్చి, వేడిగాలి వచ్చే వెంటు ప్రక్కన శాలువా కప్పుకుని కూర్చునేది. అదేమిటంటే "ఈ వయసులో నిద్ర ఎక్కడ పడుతుంది?" అనేది.

అమ్మ మాట మీద గౌరవం ఉంచుకుంటూనే, నాలుగు చిన్న ఉష్ణమాపకాలు తెచ్చి గదికొకటి పెట్టాను. మరునాటి ఉదయం ఆరు గంటలకు హాలులో 70, బాలింత గదిలో 69, మా పెద్దవాడి గదిలో 67, అమ్మ గదిలో 61. ఒకే కప్పు క్రింద తొమ్మిది డిగ్రీల తేడా!

పరీక్షించడానికి వచ్చిన మెకానిక్ ఒకాయన అయిదు నిమిషాలు చూసి, ఇంతకంటే పెద్ద ఫర్నేసు పెట్టించుకోమన్నాడు. నాకు అది నచ్చలేదు. పెద్ద ఫర్నేసు హాలును ఇంకా త్వరగా వేడెక్కిస్తుంది. హాలు త్వరగా వేడెక్కితే థర్మోస్టాట్ ఇంకా త్వరగా ఆపివేస్తుంది. గాలి అందడానికి ఎక్కువ సమయం కావలసిన చివరి గదికి మొదటికే మోసం. పంక్తిలో చివరి విస్తరికి కూర అందడం లేదంటే పెద్ద గుండిగ తెచ్చి లాభమేమిటి? వడ్డన సరిచేయాలి.

బేస్‌మెంటులో దీపం పట్టుకుని చూస్తే మూడు కారణాలు కనిపించాయి. మొదటిది దూరం. ఫర్నేసు నుండి ఆ గదికి వెళ్ళే గాలిగొట్టం అన్నిటికంటే పొడవైనది, వంపులు ఎక్కువ. పైగా సగం దూరం చల్లని గరాజు కప్పులోనే ప్రయాణం. రెండవది కారుడు. గొట్టాల అతుకుల దగ్గర చేయి పెడితే వేడిగాలి తగులుతున్నది. మామూలు ఇళ్ళలో ఈ గొట్టాలలో ప్రవహించే గాలిలో 20 నుండి 30 శాతం ఇలా దారిలోనే పోతుందని అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ వారి అంచనా.

మూడవది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అదే తలుపు. గదిలోకి గాలి రావాలంటే, వచ్చిన గాలి తిరిగి ఫర్నేసుకు చేరే దారి ఉండాలి. మా ఇంటిలో ఆ తిరుగుదారి హాలులోనే ఉన్నది, పడకగదులలో లేదు. తలుపు మూస్తే గదిలో గాలి ఒత్తిడి పెరిగి, క్రొత్త గాలి రాక తగ్గిపోతుంది. తన దగ్గు చప్పుడుకు పసిబిడ్డ లేస్తుందని అమ్మ రాత్రంతా తలుపు బిగించి పడుకునేది. తలుపు క్రింది సందు దగ్గర పలుచని కాగితం పట్టుకుంటే, ఫర్నేసు నడుస్తున్నంతసేపూ అది బయటికి రెపరెపలాడుతూనే ఉన్నది. అమ్మ పుట్టి పెరిగినది మండువా లోగిలిలో. అక్కడ ప్రతి గదీ నడిమి వాకిలి వైపు తెరుచుకునేది, గాలికి రాకపోకల బెంగ ఉండేది కాదు.

ఇక మరమ్మత్తు. ముందుగా దుమ్ము పట్టిన ఫిల్టరు మార్చాను. తరువాత అతుకులు. డక్ట్ టేపు అని పేరున్న గుడ్డ టేపు డక్టులకు మాత్రం పనికిరాదు. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలవారు 1998లో పరీక్షించి తేల్చిన సంగతి ఇది. వేడికి దాని జిగురు ఊడిపోతుంది. మాస్టిక్ అనే చిక్కని బంకను కుంచెతో, గోడకు సున్నం పూసినట్లు, అందినంతమేర అతుకులకు పూశాను. గరాజు కప్పులో పని వేరేవారికి అప్పగించి, సందులు మూయించి, అట్టపీచు వంటి సెల్యులోజు దట్టంగా నింపించాను. దీనివలన చలితోపాటు కారు పొగ కూడా పైగదికి చేరదు. అమ్మ గది తలుపు పైన గోడకు ఇరువైపులా జాలీ బిగించి, తలుపు మూసినా గాలికి దారి ఉండేటట్లు చేశాను.

చివరిది, ఓపిక పరీక్షించేది, డ్యాంపర్ల సర్దుబాటు. ఒక్కొక్క గొట్టం మీద చిన్న పిడి ఉంటుంది. పిడి గొట్టం వెంబడి ఉంటే దారి తెరిచినట్లు, అడ్డంగా ఉంటే మూసినట్లు. హాలుకూ దగ్గరి గదులకూ వెళ్ళేవాటిని కొద్దిగా మూసి, ఒకరోజు ఆగి, ఉష్ణమాపకాలు చూసి, మళ్ళీ కొద్దిగా త్రిప్పాలి. తొందరపడి పూర్తిగా మూసివేస్తే గొట్టాలలో ఒత్తిడి పెరిగి, ఫర్నేసుకు శ్రమ, కారుడుకు ఊతం. వారం రోజులు పట్టింది. వేసవిలో చల్లగాలి వచ్చేదీ ఈ గొట్టాలలోనే, అప్పటి లెక్క వేరు. అందుకని ప్రతి పిడి ప్రక్కనా రెండు గీతలు గీసి, ఒకదానికి 'చ', రెండవదానికి 'వే' అని వ్రాసిపెట్టాను. చలికాలం, వేసవికాలం అన్నమాట.

ఇప్పుడు గదిగదికీ సెన్సరు పెట్టే థర్మోస్టాట్లు దొరుకుతున్నాయి. మంచివే. కానీ గాలి వెళ్ళే దారి సరిగా లేనిచోట అవి చివరి గది బాధను వినిపించగలవే కాని తీర్చలేవు.

ఎనిమిదవ నాటి ఉదయం హాలులో 70 ఉన్నప్పుడు అమ్మ గదిలో 67. ఆ రోజు ఆమె ఏడు గంటలు దాటాక క్రిందికి వచ్చింది. ఎలా ఉందని అడిగితే "ఇప్పుడు హాయిగా ఉంది నాయనా" అన్నది. ఆ 'ఇప్పుడు' అన్న మాటలోనే అంతకుముందు మూడు వారాల సంగతి నాకు తెలిసింది. అడగనిదే అమ్మయినా పెట్టదు సరే, ఆ అమ్మే అడగనప్పుడు ఏమి చేయాలో సామెత చెప్పలేదు.

మీలో ఎవరి ఇంటికైనా ఈ ఏడు పెద్దవాళ్ళు వస్తున్నట్లయితే, వారి గదిలో ముందుగా ఒక ఉష్ణమాపకం పెట్టండి. ఖరీదు నాలుగు కాఫీలకు మించదు. "ఎలా ఉందమ్మా?" అని అడగడం మానవద్దు. జవాబు విన్న తరువాత దానివైపు కూడా ఒకసారి చూడండి.