ఇనుము కొండ నుండి ఉప్పునీటి ఒడ్డుకు

బస్తరు అడవులు నైరుతి దిక్కున ముగిసేచోట, ఇంద్రావతీ తీరాన భోపాల్‌పట్నం ఉన్నది. ఒకప్పుడు బస్తరు సంస్థానంలో జమీందారీగా ఉన్న ఈ ఊరు 2007 నుండి బీజాపూర్ జిల్లాలో భాగమైనది. నదికి ఆవలి గట్టు మహారాష్ట్ర. కొంత దిగువన భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. గోదావరి దాటితే తెలంగాణ. మూడు రాష్ట్రాలు ఒకదానినొకటి తాకే ఈ మూల, బజారులో హిందీతో సమానంగా తెలుగు వినిపిస్తుంది.

ఇక్కడి నుండి సముద్రానికి రెండు మార్గాలు ఉన్నవి. ఒకటి నీటిది: ఇంద్రావతి గోదావరిలో కలిసి, పాపికొండల నడుమ నుండి బంగాళాఖాతం చేరుతుంది. రెండవది ఇనుముది. భోపాల్‌పట్నానికి తూర్పున ఎద్దు మూపురం ఆకారంలో బైలాడిలా పర్వతశ్రేణి సాగుతుంది. ఆ పేరుకు అర్థం కూడా అదే. ఇక్కడి ఖనిజంలో నూటికి 65 పాళ్లకు పైగా ఇనుమే. 1960ల నుండి ఆ ఎర్రరాయి కిరండూల్‌లో రైలెక్కి, 50కి పైగా సొరంగాలు దాటి, అరకు లోయ మీదుగా విశాఖపట్నం దిగుతున్నది. అందులో కొంత ఓడలకెక్కింది. కొంత ఉక్కునగరం కొలిమిలో కరిగింది.

ఆ రెండూ మళ్ళీ ఎదురుపడే చోటు విశాఖ తీరం. అక్కడ ఇనుము ఓడిపోతుంది.

బైలాడిలా రాయి ఇనుము, ఆమ్లజని కలిసిన పదార్థం. కొలిమిలో ఎంతో బొగ్గు తగలబెట్టి ఆ ఆమ్లజనిని విడదీస్తేగాని లోహం చేతికి రాదు. తుప్పు అంటే ఆ లోహం మళ్ళీ ఆమ్లజనితోను, నీటితోను కలిసిపోవడమే. ఎర్రమట్టి నుండి వచ్చినది ఎర్రమట్టిగానే మారుతుంది. బస్తరు కమ్మరి చేసిన ఇనుప బొమ్మ వార్నిషు పూతతో లోనాడులో ఏళ్ల తరబడి నిలుస్తుంది. దానినే విశాఖ బీచి రోడ్డులో కిటికీ పక్కన పెడితే గీతపడిన ప్రతిచోటా త్వరలోనే ఎర్రచుక్కలు లేస్తాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఉప్పు విద్యుత్తును సులభంగా ప్రసరింపజేస్తుంది, పైగా లోహంపై ఏర్పడే రక్షణపొరను ఛేదిస్తుంది. గాలిలో ఎగిరే తుంపర సైతం ఆ పని చేయగలదు. రామకృష్ణా బీచిలో 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర జలాంతర్గామి, 91 మీటర్ల ఉక్కుకాయం, ఒడ్డెక్కినా సముద్రం నుండి తప్పించుకోలేదు. రంగు, మరమ్మతు ఆగితే దానికీ గడువు దగ్గరపడినట్లే.

అయితే తుప్పు వల్ల ప్రాణాలు పోయే స్థలాలు ఇంతకంటే చిన్నవి. విశాఖ నుండి భీమునిపట్నం మీదుగా సాగే తీరంలో రొయ్యపిల్లల హేచరీలు ఉన్నవి. నగరంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం సముద్రపు చేపల పిల్లలను పుట్టించి పెంచుతున్నది. వీటన్నింటికీ, ఇంటి వసారాలోని ఉప్పునీటి చేపల తొట్టికి కూడా, గుండెకాయ పంపు. అది అర్ధరాత్రి ఆగిపోతే తెల్లవారేసరికి తొట్టిలో ప్రాణవాయువు కరవై పిల్లలన్నీ చనిపోవచ్చు. ఒక రైతు అప్పుచేసి వేయబోయే పంట ఆ తొట్టిలో ఉంటుంది.

తుప్పు పట్టదు కదా అని ఇత్తడి, కంచు వాడితే వేరే చిక్కు. రాగి లేశమాత్రం కరిగినా రొయ్యలకు, పగడపు జీవులకు విషమే. ‘స్టెయిన్‌లెస్’ అన్న పేరును నమ్మినవారూ మోసపోతారు. వంటింటి గిన్నెల రకం, 304, ఉప్పునీటిలో సూదిపోట్ల వంటి గుంటలు పడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 మెరుగైనదే గాని, మరమేకు తల కింద, రబ్బరు వలయం అంచున నీరు నిలిచిపోతే అదీ తినివేయబడుతుంది. తిరిగే పంపుకంటే ఉప్పునీటితో నింపి వదిలేసిన పంపు త్వరగా చెడిపోతుందన్నది చాలామంది ఎరుగని సంగతి. టైటానియం నిలుస్తుంది, ధర మాత్రం సామాన్యులకు అందదు. అందుచేత చిన్న తొట్లకు అసలు లోహం నీటిని తాకని పంపులే ఉత్తమం. వాటిలో అయస్కాంతానికి ప్లాస్టిక్ తొడుగు, ఇరుసుకు పింగాణీ కడ్డీ ఉంటాయి. తొడుగు పగిలి అయస్కాంతం ఉబ్బినట్లు కనిపిస్తే దానిని అంటించి వాడుకోవాలనే లోభం పనికిరాదు, మార్చవలసిందే.

ఆపిన పంపును మంచినీటితో కడిగి, ఆరబెట్టి దాచాలి. లోపల పేరుకున్న సున్నపు పెచ్చు నీళ్లు కలిపిన వెనిగరులో నానబెడితే వదులుతుంది. తీగెల వెంట పాకే తెల్లటి ఉప్పును తుడవకపోతే అది ప్లగ్గు దాకా పోతుంది. తొట్టి కింది అరలో మోటారు దాచడం చూపుకు ముచ్చటే, కాని ఉప్పుతడి నిండిన ఆ గాలి దానికి శత్రువు.

ఓడలకు ఇంకొక ఉపాయం ఉన్నది. 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఓడల రాగి తొడుగుకు జింకు, ఇనుము ముక్కలు తగిలించాడు. ముక్కలు కరిగిపోయాయి, రాగి నిలిచింది. కాని రాగి కరగడం మానేసేసరికి దాని విషం లేక, ఓడ అడుగున గుల్లలు, నాచు దట్టంగా పెరిగి వేగం తగ్గింది! ఆ సూత్రంతోనే ఓడలకు, సముద్రపు నీరు తోడే పెద్ద పంపులకు నేటికీ జింకు దిమ్మలు బిగిస్తున్నారు. చేపల తొట్టిలో మాత్రం జింకూ విషమే గనుక ఈ ఉపాయం చెల్లదు.

సముద్రం ఎరుగని బస్తరులోనూ పంపులకు ఈ బెడద తప్పలేదు. ఆ ప్రాంతంలో చాలాచోట్ల భూగర్భజలంలోనే ఇనుము అధికం. అదీగాక, నీటికి ఆమ్లగుణం ఉన్నచోట చేతిపంపుల జింకుపూత గొట్టాలను నీరే తినివేస్తుంది. ఎర్రనీళ్లు వస్తే దోషం నేలదా, గొట్టానిదా అని తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉన్నది. తెల్లవారగానే కొట్టిన మొదటి బిందె ఎర్రగా ఉండి, కొంతసేపటికి నీరు తేటపడితే గొట్టం తుప్పు. తేటగా వచ్చిన నీరు బిందెలో నిలిచాక ఎర్రబడితే, అది కొండ నుండి వచ్చిన ఇనుము. మొదటిదానికి గొట్టం మార్చి ప్లాస్టిక్‌ది గాని, స్టెయిన్‌లెస్ ఉక్కుది గాని వేయవచ్చు. రెండవదానికి గాలి తగిలించి, ఇసుకలో వడకట్టి తాగాలి.