‘తులసిదళం’ – మూడవ పాఠకుడు

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’పై అభిప్రాయాలను విమర్శ తరచు రెండు పక్షాలుగా చూసింది: ఉత్కంఠకు మురిసినవారు, రంగనాయకమ్మ వలె మూఢనమ్మకాల ప్రచారమని ఖండించినవారు. బెల్లంపల్లి బొగ్గుగని కార్మికవాడలో పెరిగిన నాకు మూడవ పాఠకుడు తెలుసు. బ్రామ్ స్టోకర్ 1897లో సృష్టించిన డ్రాకులా అతనికి పరదేశి. పుస్తకం మూయగానే ఆ రక్తపిశాచి భయం ముగుస్తుంది. ‘తులసిదళం’లోని కాష్మోరా భయం అట్లా ముగియదు; అది పొరుగింటి ఒంటరి వృద్ధురాలిని అనుమానిస్తుంది. మా వాడలో ఈ నవలను మెచ్చుకొన్నవారే, బిడ్డకు జ్వరం తగ్గకపోతే “ఎవరు జేసిన్రో” అనేవారు. ఆ మాటా పాఠకాభిప్రాయమే. 2022లో జగిత్యాలలో మంత్రాల అనుమానంతో ఒక తండ్రి, ఇద్దరు కుమారులు హతులయ్యారు. ఆ హత్యలకు నవల కారణమనడం లేదు. అటువంటి నేలపై ఆ నవలను చదవడం వేరని మాత్రమే నా ప్రతిపాదన.