పలకని పళ్ళెం

లినక్సుతో చిరకాలంగా కాపురం చేస్తున్నవారికి ఒక సంగతి అనుభవమే. అది ఊరకే మొరాయించదు. మొరాయించిన కారణాన్ని ఎక్కడో ఒకచోట రాసిపెడుతుంది. ఓపికగా ఆ చిట్టా చదువుకోవలసిన బాధ్యత మాత్రం మనది.

ఆ మధ్య మా పెదనాన్నగారి అబ్బాయి ఒక పోర్టబుల్ హార్డుడిస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంట్లో విండోసులో రావడం లేదు అన్నయ్యా, ఫార్మాటు చెయ్యాలంటున్నారు" అన్నాడు. పెదనాన్నగారు కాలం చేసి ఆరేళ్ళయింది. అరుగు మీద కూర్చుని ఆయన చెప్పిన ఊరి ముచ్చట్లు, పాడిన పాటలు ఆయన గొంతుతోనే అందులో ఉన్నాయి. మరో ప్రతి ఎక్కడా లేదు.

తగిలించగానే దీపం వెలిగింది, లోపల టిక్కుటిక్కుమంది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఇచ్చి చూస్తే ఆ జాబితాలో దాని పేరే లేదు. డీమెసేజ్ తెరిస్తే డిస్క్రిప్టర్ చదవడంలో దోషం, మైనస్ 71 అని పదే పదే కనబడింది. ఈ అంకెకు ప్రోటోకాల్ దోషమని అర్థం. అంటే యంత్రానికీ డిస్కుకూ మధ్య పలకరింపులే పూర్తికాలేదు. ఫైళ్ళ సంగతి అప్పటికింకా చర్చకే రాలేదు. అటువంటప్పుడు ఫార్మాటు చేయమనడం, తలుపు తీయలేదని ఇల్లు పడగొట్టమనడం వంటిది.

ఈ దోషానికి తరచుగా కారణమయ్యేవి తీగ, పోర్టు, విద్యుత్తు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. లోపలి పళ్ళెం తిరగడం మొదలుపెట్టే క్షణంలో డిస్కుకు ఎక్కువ కరెంటు కావాలి. అందుచేత పాత పొడుగు తీగ తీసి పొట్టి తీగ వేసి, పెట్టె వెనుకవైపున్న 3.0 పోర్టుకు నేరుగా తగిలించాను. టిక్కుటిక్కు ఆగింది. ఎల్ఎస్‌బీఎల్‌కేలో డిస్కూ, దాని విభాగమూ ప్రత్యక్షమయ్యాయి.

అయినా మౌంటు కాలేదు. అది ఎన్‌టీఎఫ్ఎస్ విభాగం. పని మధ్యలో కరెంటు చాలక ఆగిపోవడం వల్ల కాబోలు, దాని మీద 'మలినం' అన్న గుర్తు పడి ఉంది. 2021లో 5.15 కెర్నెలుతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవరు అటువంటి విభాగాన్ని రాయడానికి తెరవనంటుంది. బలవంతం చేయవచ్చు, మరమ్మతు చేసే పనిముట్లూ ఉన్నాయి. కాని మరమ్మతు అంటే ఉన్న ఒకే ఒక్క ప్రతి మీద రాయడమే కదా! అందుకని చదవడానికి మాత్రమే అని చెప్పి మౌంటు చేశాను. తెరుచుకుంది. ముందు రెండు వేరువేరు డిస్కుల్లోకి అన్నీ ఎక్కించి, ఆ తరువాతే ఒక ఫైలు వినిపించాను.

పెదనాన్నగారు పొలాల పేర్లు వరుసగా చెబుతున్నారు. చాలాసేపు విన్నాము. వాటిలో సగం ఎక్కడున్నాయో నాకూ తెలియదు, తమ్ముడికీ తెలియదు. డిస్కును గుర్తుపట్టించడం ఒక సాయంకాలం పని. ఈ పేర్లను గుర్తుపట్టగలవారు ఊళ్ళో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారట. వచ్చే ఆదివారం వెళుతున్నాము.