రెండో గడి

గ్రాఫిక్ డిజైన్‌లో పీజీ చేస్తున్నామంటే ఊళ్లో "ఫ్లెక్సీలు వేస్తారా?" అని అడుగుతారు. ఈ హాస్టల్ నుంచి వెళ్లిన మేమిద్దరం కూడా మొదట్లో అంతే అనుకున్నాం. మా ఇళ్లల్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

ఒకరోజు క్లాసులో, 1900లో పారిస్ ప్రదర్శన కోసం డుబోయిస్, అట్లాంటా విశ్వవిద్యాలయం విద్యార్థులు చేత్తో గీసిన చార్టులు చూపించారు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి 35 ఏళ్లే. నల్లజాతి వారి చదువు, భూమి, ఆస్తుల లెక్కలన్నీ రంగుల్లో ఉన్నాయి. అది అలంకారం కాదు, తక్కువగా చూసిన వాళ్లకు జవాబు.

మాకు మన హాస్టల్ గోడ మీది మెనూ గుర్తొచ్చింది. గోడ మీద ఉన్న గుడ్డు కొన్ని వారాలు కంచంలో ఉండేది కాదు. ప్రాజెక్టుకి ఆ మెనూనే మళ్లీ రాసి, పక్కన 'వడ్డించింది' అని రెండో గడి గీశాం. అది ఖాళీగానే ఉండిపోయింది.

"ఎందుకు నింపలేదు?" అన్నారు సార్.

"అప్పుడు రాసి పెట్టుకోలేదు సార్."

ఐదేళ్లు గొణుక్కున్నామే గానీ ఒక్కరోజూ రాయలేదు. సిగ్గేసింది.

తమ్ముళ్లూ, దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. స్కేలు, స్కెచ్ పెన్ను, ఒక నోటుబుక్కు చాలు. ఆ రెండో గడి మీరు నింపండి.