నాందేడులో రెండు వలసలు

గోదావరి యొడ్డున నాందేడు పట్టణములో మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో మాది యొకటి. మా యింటి గోడకు గోడ కలిపి యొక సిక్కు కుటుంబము కలదు. వారు మాకంటెను ముందే ఈ యూరికి చేరినవారు. అయినను రైలుపెట్టెలో గాని పెండ్లిపందిరిలో గాని కొత్తవా రెవరైన మా యిరువురిలో నెవరిని జూచినను “మీ దే యూరు?” అని అడుగుదురు. “నాందేడు” అని చెప్పిన వారికి తృప్తి కలుగదు. “అది సరే, అసలు ఊరు?” అని మరల అడుగుదురు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి మాకును, మా పొరుగువారికిని జుట్టు నెరసినది.

కొంతకాలము క్రిందట మన సమాజమునకు చెందిన యువకు డొకడు మాతో వాదమునకు దిగెను. “సిక్కు లెంతమంది? అయినను ఊరిలో వారి మాటకు బరువున్నది. విమానాశ్రయమునకు వారి గురువుగారి పేరు, కళాశాలకు వారి గురువుగారి పేరు. మన కేమున్నది? వారికి పట్టుదల కలదు, మనకు లేదు. అంతే గదా!” అని యతడు తీర్పు చెప్పెను. కాదని వెంటనే చెప్పలేకపోతిమి. కాని జాతిగుణమని యొక్క మాటతో తేల్చివేయుట మాకు నచ్చలేదు. ఒకే యూరికి వచ్చిన రెండు సమూహముల మంచిచెడ్డలను బేరీజు వేయవలెనన్న, ముందు వారే వాకిట లోపలికి వచ్చిరో చూడవలెను గదా.

సిక్కుల దశమగురువు గోవిందసింహుడు 1708లో ఈ నాందేడుననే దేహము చాలించెను. తన తరువాత గ్రంథసాహెబే గురువని ఆయన నిర్ణయించిన చోటు ఇదియే గనుక ఈ నేల వారికి పుణ్యక్షేత్రము. 1830 దశకమున నిజాము కొలువులో మంత్రియైన చందూలాలు కోరికపై పంజాబు ప్రభువు రంజిత్‌సింగు తన సైనికులను కొందరిని హైదరాబాదు రాజ్యమునకు పంపెను. వారికి లాహోరీ ఫౌజు అని పేరు. 1832 మొదలు 1837 వరకు ఆ రంజిత్‌సింగే నేటి సచ్‌ఖండ్ మందిరమును కట్టించెను. ఆ సైనికులలో అనేకు లిచ్చటనే నిలిచిపోయిరి. వారి సంతతివారే నేటి దక్కనీ సిక్కులు. వారు పిలువగా వచ్చినవారు. వచ్చునాటికి చేతిలో కత్తి, నెల తిరిగిన జీతము, తల దాచుకొనుటకు దేవుని గడప యుండెను.

మనము వచ్చిన త్రోవ వేరు. మనల నెవరును పిలిచినవారు లేరు. నాందేడు పత్తి పండు నల్లరేగడి సీమ. పూర్వము సన్నని మస్లిను బట్టకును, జరీయంచు తలపాగలకును పేరుపడిన యూరు. 1900 ప్రాంతమున సికిందరాబాదు నుండి మన్మాడు వరకు గోదావరిలోయ రైలుమార్గము పడెను. అటుపిమ్మట నిజాము కాలముననే ఉస్మాన్‌షాహీ మిల్లు వెలసెను. మిల్లునకు చేతులు కావలసెను. తెలంగాణపు సాలెలకు కూడు కావలసెను. మా తాతగారు కరీంనగరు వైపు పల్లె నుండి మగ్గపు సామగ్రి మూటగట్టుకొని బయలుదేరిరి. ఆయనకు ఆస్తి యనదగినది ఆ మూటయే.

మనలో మరియొక తెగ కలదు. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ తాలూకాల తెలుగువారికి వలస యను మాటయే చెల్లదు. వారు కదలలేదు, సరిహద్దు కదలినది. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు పాలై, మరాఠ్వాడ బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1వ తేదీన అది మహారాష్ట్రమయ్యెను. ఇల్లు, పొలము, బావి ఎచ్చటివచ్చటనే యుండగా, వియ్యాలవారి యూరు మాత్రము పరరాష్ట్ర మయ్యెను.

ఇక ఆర్థికస్థితి. ఇందు మన యువకుడు తలచినంత భేదము మాకు కానరాలేదు. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము పోయెను. వెనువెంటనే అతని ఫౌజు చెదరెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. పిలిచి యిచ్చిన కొలువు పిలిచినవానితోనే పోయెను. మా పొరుగింటి పెద్దాయన తండ్రి ఫౌజులో నుండెను. ఆయన మాత్రము లారీ నడిపెను. ఆయన కుమారుడు బ్యాంకులో పనిచేయుచున్నాడు. మా తాతగారు మగ్గము నేసిరి; మా తండ్రిగారు మిల్లులో సాంచా నడిపిరి; మేము గుమాస్తాగిరి చేసితిమి; మా కుమారుడు ఇంజనీరు. జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చిన తరువాత కూడ ఆ మిల్లు నిలువలేదు; నేడది మూతపడియున్నది. దానిని నమ్ముకొన్న తెలుగు కుటుంబములు కొన్ని దర్జీపనికిని, కొన్ని చిల్లర దుకాణములకును మరలినవి. అనగా రెండు సమూహములకును ఒక తరమున కాలిక్రింది నేల జారినది; రెండును మరల లేచి నిలిచినవి. గోడ కావల నున్న యింటికిని, ఈవల నున్న యింటికిని గదుల లెక్కలో తేడా లేదు.

తేడా యున్నది మరియొక చోట. సిక్కులకు కొలువు పోయినను గడప మిగిలినది. 1956లో, హైదరాబాదు రాష్ట్రము విడిపోక ముందే, నాందేడు గురుద్వారా చట్టము వచ్చెను. ఆ చట్టమువలన మందిరమునకు నియమబద్ధమైన పాలకమండలి యేర్పడెను. వ్యక్తులు పోయినను కుర్చీ మిగులును గదా! 2008లో గురుగద్దీ మూడువందల యేండ్ల యుత్సవము జరిగినపుడు ఊరికి కొత్త రోడ్లును, ఘాట్లును ఏర్పడెను. వానిపై నడచుచున్నది వారు మాత్రమే కాదు, మనమును నడచుచున్నాము. 1981లో గురుగోవిందుని పేర వెలసిన ఇంజనీరింగు కళాశాలలో మన బిడ్డలును చదువుకొనిరి. మా కుమారు డందొకడు. అసూయపడుటకు ముందు ఈ సంగతి యువకుడు గుర్తింపవలెను.

మరి భాష సంగతి? ఇచట మన కొక పాఠము కలదు. మా పొరుగింట మాట దక్కనీ ఉర్దూ, బజారున మరాఠీ. పంజాబు అతిదూరము, ఆ దేశపు మాట తరతరమునకును వారి నోట పలుచబడెను. మనకన్ననో, రైలెక్కిన కొన్ని గంటలలో బాసర, నిజామాబాదు. కోడళ్లు ఆ వైపు నుండియే వత్తురు. కావున మన యిండ్లలో తెలుగు నేటికిని మాటాడుచున్నాము. దీనిని జూచి, భాష విషయమున మనమే గెలిచితిమని మేము చిరకాలము గర్వించితిమి. ఆ గర్వము ఒక మధ్యాహ్నముతో దిగిపోయెను.

రెండేండ్ల క్రిందట ఇల్లు మరమ్మతు చేయించుచుండగా అటుకపై నుండి తాతగారి రేకుపెట్టె దిగెను. అందు ఎర్రగుడ్డ చుట్టిన లెక్కల పుస్తక మొకటి యుండెను. సెలవులకు వచ్చిన మనుమరాలు దానిని తెరచి, “తాతా, ఇది ఏ లిపి?” అని అడిగెను. ఆ పిల్ల మాతో చక్కని తెలుగున మాటాడును, అడిగినదియు తెలుగుననే. మా కుమారుడు పుస్తకము నందుకొని చూచి తిరిగి యిచ్చివేసెను. అతనికిని అక్షరములు రావు. మేము నేర్పలేదు. ఇంటిలో మాటాడుచునే యున్నాము గదా, ఎక్కడికి పోవునని ఊరకుంటిమి.

ఆ సమయముననే పొరుగింటి పిల్లవాడు, పదేండ్లవాడు, బంతికొరకై మా పెరటిలోనికి వచ్చెను. పుస్తకమును వింతగా చూచి, “మా గ్రంథసాహెబు అక్షరములు వేరు, నేను చదువగలను” అని దక్కనీలో చెప్పెను. వాని యింట పంజాబీ మాట లేదు. అయినను వానికి గురుముఖి వచ్చును. గురుద్వారాలో నేర్చుకొనెను. మా యింట మాట యున్నది, అక్షరము లేదు. మేము నోరు మెదపలేకపోతిమి.

ఆ రాత్రి మేమే కండ్లద్దములు పెట్టుకొని ఆ పుస్తకమును చదివితిమి. నూలు కొన్న లెక్కలు, చీరెలమ్మిన లెక్కలు, ఒక బిడ్డ పెండ్లి ఖర్చు. నడుమ నొక పుటలో 1948 నాటి వ్రాత. ఆ యేటి అలజడిలో నూలు దొరకక మగ్గము మూలబడినపుడు ప్రక్కింటి సర్దారుగారి యొద్ద తాతగారు హాలీసిక్కా నలువది రూపాయలు బదులు తీసికొనిరి. “తీర్చవలెను” అని క్రింద గీత గీచియున్నది. తీర్చినట్లు మరెచ్చటను లేదు. హాలీసిక్కా చెలామణి పోయి దశాబ్దములు గడచినవి. తాతగారు పోయిరి. మా తండ్రిగారికి చదువు రాదు. మేము పెట్టె తెరువలేదు. మే మొక్కరము కన్నుమూసియుండిన, ఆ ఋణము మా యింటిలోనే యుండియు ఎవరికిని తెలియకపోవును.

మరునాడు పొరుగింటి పెద్దాయనను కలిసి పుట చూపి, చదివి వినిపించితిమి. తాత అప్పిచ్చిన సంగతి ఆయనయు నెరుగడు. మేము కవరులో నుంచి యిచ్చిన సొమ్మును ఆయన ముట్టలేదు. “భాయీసాబ్, ఆ యేడు ఎవరి చేతిలో ఏమున్న దానిని పంచుకొనిరి. మా నాయన కొలువు పోయిన దినములలో మీ యింటి జొన్నరొట్టె మేము తినలేదా? మీకు మనసున పెట్టుచున్నచో లంగరులో వేయుడు” అనెను. అట్లే చేసితిమి. జొన్నరొట్టె లెక్క మా తాతగారి పుస్తకములో లేదు.

ఈ సంఘటన తరువాత మన యువకుని ప్రశ్నకు మాకు జవాబు దొరకినది. దూరమున నున్న సిక్కు, ఊరకున్న అంతయు పోవునని భయపడి, అక్షరమును ఒక గడపకు కట్టివేసెను. దగ్గరనున్న మనము భయపడలేదు. కావున ఏ గడపయు కట్టలేదు. ఇది పట్టుదలకు సంబంధించినది కాదు. వచ్చిన త్రోవకును, నిలిచిన చోటికిని, చేతనున్న వ్యవస్థకును సంబంధించినది.

ఇది సత్యమగునా యని సందేహించువారు మన తెలుగువారినే రెండు దేశములలో చూడవచ్చును. కోరంగి రేవు దాటి రంగూను చేరిన తెలుగు కూలీలు ఓడల సరకు దించిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి. 1930 మే నెలలో ఆ రేవున కూలికొరకై పుట్టిన తగవు వారిపై మారణకాండగా మారెను. 1942లో జపాను దాడికి వేలమంది కాలినడకన తిరిగివచ్చిరి. 1960 దశకమున అచటి ప్రభుత్వ విధానములవలన మిగిలినవారిలోను అనేకులు వెడలిరి. అదే తెలుగుసీమ నుండి, అదే పేదరికముతో, చెరకుతోటల కూలికి మారిషసు దీవికి పోయినవారి సంతతి అచ్చటి పౌరులైరి. అచ్చట ఉగాది ప్రభుత్వ సెలవు దినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ అచ్చటనే జరిగెను. జాతి యొకటే, కష్టపడు గుణ మొకటే. ఫలితము లేల వేరయ్యెను? ఒకచోట నిలుచుటకు హక్కు దొరకినది, మరియొకచోట దొరకలేదు.

అంతదూర మేల? మన రాష్ట్రముననే షోలాపూరు కలదు. 1877లో అచట మిల్లు పెట్టినది మొదలు సాలెవారు గుంపులుగా చేరిరి. షోలాపూరు దుప్పటి పేరు దేశమంతట తెలియును. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము ఆ వీధులలో కదలునపుడు, ఆ యూరు తెలుగువారి దియునని అడుగకయే తెలియును. బొంబాయి నగరపాలక సంస్థ తెలుగు బడులను నడుపుచు వచ్చినది. కాబట్టి తెలుగువారికి గడప కట్టుట చేతగాదనుట నిజము కాదు.

రాజ్యాంగమున 1956లో చేర్చిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించు సదుపాయము కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ హక్కు నడుగుట మన పని. అది వచ్చువరకు ఊరకుండరాదు. మన బిడ్డలు మరాఠీలో చదువుకొని మరాఠీలోనే బ్రదుకుదురు. అది వారి యూరి భాష, దానిపై మాకు గౌరవమే కలదు. కోరునది వారమునకు ఒక గంట. ఏబదియారు అక్షరములు, వాని గుణింతములు, ఒత్తులు. ఒక వేసవి చాలును.

మా యింటి అరుగుపై ఆదివారము సాయంకాలము పలక పట్టితిమి. మనుమరాలు సెలవులలో వచ్చి కూర్చుండును. వీధి పిల్లలు నలుగురైదుగురు వత్తురు. పొరుగింటి పిల్లవాడును ఊరకే వచ్చి కూర్చుండి తన పేరు తెలుగున వ్రాయ నేర్చుకొనెను. మొన్న మనుమరాలు ఆ పాత పుస్తకమును తెరచి, వ్రేలు పెట్టి, కూడబలుకుకొనుచు “తీర్చవలెను” అని చదివెను. దాని క్రింద తేదీ వేసి “తీరినది” అని వ్రాయుమంటిమి. ‘ర’కు దీర్ఘము పెట్టబోయి దిద్దుకొని వ్రాసినది.