మూడు కిలోల బఠానీ, నాలుగు అంగుళాల కర్ర



మీ ఇంట్లో బుల్లి కుక్క ఏదైనా ఉందా? యూట్యూబ్‌లో కుక్కలు అడ్డుకర్రల మీంచి దూకడం, గొట్టాల్లోంచి దూరి రావడం చూసి, "మనదానికీ నేర్పిద్దాం" అని పిల్లలు మీ వెంటపడుతున్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. కుక్క లేనివాళ్లు కూడా చదవండి. ఇందులో సగం మన పిల్లల సంగతే.

మాది వెంకటాచలం. ఏడో తరగతి చదివే మా పాపకు ఒక మినియేచర్ పిన్షర్ ఉంది. పేరు బఠానీ. వయసు రెండేళ్లు, బరువు 3 కిలోలు, నేల నుంచి భుజం దాకా ఎత్తు 26 సెంటీమీటర్లు. పోయిన సంక్రాంతి సెలవుల్లో దానికి అజిలిటీ నేర్పిస్తానని పాప పట్టుబట్టింది. మా అత్తయ్య నవ్వి, "ఏందిమే, ఎలకంత కుక్కకి సర్కస్ నేర్పిస్తా ఉండావా?" అన్నారు. "సర్కస్ కాదు అవ్వా, స్పోర్ట్" అంది పాప.

పాప చెప్పింది నిజమే. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, రెండు కార్యక్రమాల మధ్య ఖాళీలో జనానికి కాలక్షేపంగా దీన్ని మొదటిసారి చూపించారు. గుర్రాల జంపింగ్ పోటీల నుంచి పుట్టిన ఆలోచన ఇది. 1980లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని అధికారికంగా గుర్తించింది. అడ్డుకర్రలు, గొట్టం, ఏటవాలు బల్ల, పార్కుల్లో పిల్లలు ఎక్కేలాంటి ఊగుడు బల్ల, వరసగా నిలబెట్టిన కర్రలు ఉంటాయి. ఆ కర్రల మధ్య కుక్క మెలికలు తిరుగుతూ పోవాలి. పక్కనే పరుగెత్తే మనిషి చేతి సైగతో, మాటతో దారి చూపాలి తప్ప కుక్కను తాకకూడదు. ఆగస్టు 15 పరేడ్‌లో అడ్డంకులు దాటే పోలీసు జాగిలాలను మన పిల్లలు చూసే ఉంటారు. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో అలాంటి జాగిలాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. వాటికది ఉద్యోగం. బఠానీలాంటి వాటికి ఇది ఆట.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. పోటీకి వచ్చే కుక్క ఎత్తు కొలిచి, దాన్నిబట్టి కర్ర ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీల్లో 11 అంగుళాలు, అంతకన్నా తక్కువ ఎత్తున్న కుక్కకు మామూలు విభాగంలో కర్ర 8 అంగుళాల దగ్గర ఉంటుంది. 'ప్రిఫర్డ్' అనే విభాగంలో అయితే 4 అంగుళాలే. లాబ్రడార్ దూకే కర్రను బఠానీ ముందు పెట్టరన్నమాట. అలాగని చిన్న కుక్కలకు జాలి మార్కులు కూడా వేయరు. దారి తప్పితే తప్పే, కర్ర పడితే తప్పే. 2024లో న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ అజిలిటీ పోటీలో మొత్తం విజేతగా నిలిచింది నింబుల్ అనే చిన్న కుక్క. అది 12 అంగుళాల విభాగంలో పరుగెత్తింది. ఆ టైటిల్ గెలిచిన మొదటి మిశ్రమ జాతి కుక్క కూడా అదే.

ఇంకో నియమం చదివి నేను నవ్వుకున్నాను. అమెరికన్ క్లబ్ పోటీలో పాల్గొనాలంటే కుక్కకు 15 నెలలు నిండాలి. అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌సీఐ అయితే 18 నెలలు అంటుంది. ఎముకలు గట్టిపడకముందే దూకిస్తే కీళ్లు పాడవుతాయి. పిల్ల ఎంత చురుగ్గా ఉన్నా వయసు వచ్చేదాకా ఆగాల్సిందే.

మరి ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? మేం చేసింది చెబుతాను.

మొదటి నెలంతా ఒక్క దూకుడూ లేదు. టైల్స్ మీద చిన్న కుక్క కాళ్లు జారతాయి కాబట్టి పెరట్లో గోనె సంచులు పరిచాం. రొయ్యల గుంటల దగ్గర మిగిలిన పీవీసీ పైపు ముక్క ఒకటి తెచ్చి నేలమీదే పెట్టాం. దాన్ని దాటి నడిస్తే చాలు, ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన ముక్క బహుమతి. ఆ ముక్క శనగగింజలో సగం ఉండాలి. 3 కిలోల ప్రాణికి పొట్ట ఎంతుంటుంది? శిక్షణలో పెట్టినంతా రోజువారీ తిండిలో తగ్గించాలి, లేకపోతే బరువు పెరుగుతుంది. మెడ పట్టీకి బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడాం, ఎందుకంటే బుల్లి జాతుల గొంతు గొట్టం సున్నితం. వీధి కుక్కల భయం ఉంటుంది కాబట్టి గేటు వేసిన ఆవరణలోనే ఆడించాలి. మన ఎండల సంగతి తెలిసిందే. ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టి ఐదు నిమిషాల్లో ముగించేవాళ్లం.

బుల్లి కుక్కతో వచ్చే చిక్కులు వేరు. 26 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే మనిషి తాటిచెట్టంత. మీద వాలి పిలిస్తే అది వెనక్కి పోతుంది. పక్కకు తిరిగి కూర్చుని పిలిస్తే వస్తుంది. పక్కన పరుగెత్తేటప్పుడు మన కాలు దాని మీద పడితే ప్రమాదం. ఊగుడు బల్లతో ఇంకో ఇబ్బంది ఉంది. తేలికైన కుక్క మధ్యభాగం దాటి చాలా ముందుకు వెళితే గాని పలక వంగదు. వంగాక టప్పున నేలకు తగిలే చప్పుడుకు భయపడుతుంది. అందుకని పలకను చాలా కింద పెట్టి, చివర పాత దిండు వేశాం.

గొట్టమైతే తొమ్మిది రోజులు ససేమిరా అంది. చిన్నపిల్లలు ఆడుకునే గుడ్డ గొట్టమే అది, మడిచి మూరెడు చేసినా సరే దూరనంది. తోయకూడదు, లాగకూడదు. పాప రోజూ అవతలి చివర బోర్లా పడుకుని పేరు పెట్టి పిలిచేది. రాకపోతే లేచి, వచ్చిన పనికి మాత్రం ముక్క పెట్టి, ఆట ముగించేది. పదో రోజు బఠానీ తనంతట తానే దూరి వచ్చి పాప ముక్కు నాకింది.

ఫిబ్రవరిలో పైపును 4 అంగుళాల ఎత్తుకు లేపాం. తగిలితే పడిపోయేలా రెండు ఇటుకల మీద ఊరికే ఆనించి పెట్టాం. బఠానీకి అది మహా సరదా. ఉగాది నాడు వీధిలో పిల్లలందరి ముందూ చూపిస్తానని పాప అందరికీ చెప్పేసింది.

మార్చి మొదట్లో ఒకరోజు పాప ఉన్నట్టుండి, "అమ్మా, ఆపేద్దాం" అంది. ఎందుకంటే, "వెనక ఎడమ కాలు రెండడుగులు ఎత్తి పరుగెత్తింది, మళ్లీ మామూలుగా పెట్టింది" అని చెప్పింది. నాకేమీ కనిపించలేదు. బఠానీ తోక ఊపుతూ ఇంకోసారి దూకడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

పశువైద్యుడు చూసి మోకాలి చిప్ప పక్కకు జారుతోందన్నారు. బుల్లి జాతుల్లో ఇది తరచూ కనిపించేదే. నాలుగు గ్రేడులుంటాయి, ఇది రెండోది. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, బరువు పెరగనివ్వకండి, నడక వల్ల కండ బలపడుతుంది, దూకుళ్లు మాత్రం మానేయండి, మూడు నెలలకు మళ్లీ చూపించండి అన్నారు.

ఆ రాత్రి పాప ఏడ్చింది. "దూకకపోతే అజిలిటీ ఎట్లా అవుతుంది? అందరికీ చెప్పేశాను కదా" అంది. ఒక్క రోజుకి ఏమీ కాదులే, ఉగాదికి చూపించి ఆపేయమని ఇంట్లోనే ఒకరు సర్దిచెప్పబోయారు. పాప ఒప్పుకోలేదు. తెల్లారి ఇటుకలు తీసేసి పైపును మళ్లీ నేలమీద పెట్టింది. గొట్టం, నేలమీది పైపు, దూరం దూరంగా పెట్టిన కర్రల మధ్య మెల్లగా నడక, చివర పీట మీద ఐదు లెక్కపెట్టేదాకా కదలకుండా కూర్చోవడం. ఇదీ కొత్త కోర్సు.

ఉగాది నాడు పిల్లల ముందు నిలబడి, "మా బఠానీ దూకదు. దానికి మోకాలు బాగాలేదు. మిగతావన్నీ చేస్తుంది" అని ముందే చెప్పేసింది. చేయించింది. ఒక అబ్బాయి "ఇంతేనా?" అన్నాడు. "ఇంతే" అంది పాప. జూన్‌లో మళ్లీ చూపిస్తే మోకాలు అప్పటిలాగే ఉంది, ముదరలేదు. నేలమీది ఆట ఇప్పటికీ రోజూ సాగుతోంది.

ఆ రెండడుగుల కుంటును పాప ఎలా పట్టుకోగలిగింది? రెండు నెలలుగా రోజూ దాని నడకనే చూస్తోంది కాబట్టి. కుక్క నొప్పిని దాస్తుంది. ఆట మీద ఇష్టం ఉన్నప్పుడు మరీ దాస్తుంది. మన పిల్లలూ అంతే. బాగా చదివే పిల్ల మరీను. రెండు రోజులు సరిగా తినదు, మూడో రోజు మామూలే. ఒక ఆదివారం స్నేహితురాలి ఫోన్ ఎత్తదు, సోమవారం నవ్వుతూ బస్సెక్కుతుంది. మార్కుల పట్టికలో ఇవేవీ కనిపించవు. రోజూ నడక చూసేవాళ్లకే కనిపిస్తాయి. కనిపించినప్పుడు కర్ర కిందికి దించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వీధిలో ఎవరికి ఏం చెప్పి ఉన్నా సరే.

ఈ దసరా సెలవుల్లో మీరూ మొదలుపెట్టాలనుకుంటే వరస గుర్తుపెట్టుకోండి. టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. మోకాళ్లు, గుండె, బరువు డాక్టరు చేత చూపించండి. తర్వాత గోనె సంచి పరవండి. కర్ర సంగతి అన్నిటికన్నా ఆఖరున. శిక్షణ బాధ్యత పిల్లలకే ఇచ్చి, మీరు పక్కన పీట వేసుకుని కూర్చోండి. ఐదు నిమిషాలే కదా, ఫోన్ లోపల పెట్టి రండి.