ఆదరువు

తెలుగులో 'ఆదరువు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఆసరా అన్నది ఒకటి. అన్నంలోకి కలుపుకొనే, నంజుకొనే పదార్థమన్నది రెండవది. ఈ రెండూ ఒక్క మాటలో ఎందుకు ఇమిడి ఉన్నవో నాకు స్వగ్రామంలో తెలియలేదు. కొరియా దేశంలో, దేజాన్ నగరంలో, ఒక వృద్ధురాలి వంటింట బోధపడింది. ఆ పాఠానికి ముందు నేను చేసిన తప్పును కూడా దాచక చెప్పవలసి ఉన్నది.

2016 నవంబరులో పరిశోధన నిమిత్తం ఆ నగరానికి వెళ్ళి, ఒక ఇంటి పై అంతస్తులో గది అద్దెకు తీసుకొన్నాను. కింది భాగంలో ఇంటి యజమానురాలు ఒంటరిగా నివసించేవారు. ఆ దేశంలో అమ్మమ్మనైనా, నానమ్మనైనా 'హల్మొనీ' అంటారు. వయసు మళ్ళిన స్త్రీలందరినీ అలాగే పిలవడం మర్యాద. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె నన్ను 'హక్సెంగ్' అనేవారు. అంటే విద్యార్థి అని అర్థం.

కొరియావారి భోజనంలో అన్నం, చారు, వాటి చుట్టూ చిన్న గిన్నెలలో కూరలు, పచ్చళ్ళు ఉంటాయి. ఈ చిన్న గిన్నెలలోని వాటికి 'బాన్‌చాన్' అని పేరు. అన్నం, చారు ఎవరివి వారికే. బాన్‌చాన్ మాత్రం అందరికీ నడుమ. దస్తర్‌ఖాన్ పరచి నలుగురూ ఒక్కచోట కూర్చునే ఇళ్ళలో పెరిగినవారికి ఇది కొత్త కాదు. పూర్వం ఈ గిన్నెల లెక్కను బట్టి భోజనానికి అంతస్తు ఉండేది. సామాన్యులకు మూడైతే, రాజుగారికి పన్నెండు.

చలికాలం ముదరక మునుపే అక్కడి కుటుంబాలవారు, ఇరుగుపొరుగువారు చేరి చలికాలమంతటికీ సరిపడా కిమ్చీ పెట్టుకొని పంచుకొంటారు. మన ఇళ్ళలో ఆవకాయ రోజుల సందడి వంటిదే అది. 'కిమ్జాంగ్' అనబడే ఈ ఆచారానికి 2013లో యునెస్కో గుర్తింపు కూడా లభించింది. నేను చేరిన కొద్ది రోజులకే హల్మొనీ ఆ ఏటి కిమ్చీ ఒక డబ్బా నిండుగా తెచ్చి నా గుమ్మం ముందు పెట్టారు. పొడవాటి క్యాబేజీని ఉప్పులో ఊరబెట్టి, మిరపపొడి, వెల్లుల్లి, అల్లం పట్టించి పులియబెట్టినది. మూత తీయగానే ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. అందులో ఏమేమి కలిసినవో, అది హలాల్ అవునో కాదో తెలియలేదు. అడగడానికి భాష రాదు. నిజం చెప్పాలంటే అడగాలన్న బుద్ధీ పుట్టలేదు. దానిని పారవేసి, డబ్బా కడిగి, మర్నాడు తిరిగి ఇచ్చాను.

ఆ దేశంలో తిండి వ్యర్థాలను వేరే తొట్టిలో వేయాలి. ఇంటి రెండు భాగాలకూ ఆ తొట్టి ఒక్కటేనన్న సంగతి నాకు తట్టలేదు. సాయంకాలం హల్మొనీ ఆ తొట్టి మూత తీసి, కొంతసేపు అలాగే నిలబడిపోవడం మెట్ల మీది నుండి చూశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ ఆదివారం ఫోనులో అమ్మీకి ఈ సంగతి వినోదంగా చెప్పబోయాను. అవతల నవ్వు వినబడలేదు. "తినవచ్చునో లేదో తెలియకపోతే అడగాలి బేటా. అడగకుండా పారేసి, అది దీన్ కోసమంటే ఎట్లా?" అన్నది. కొంచెం ఆగి, "డబ్బా ఖాళీగానే ఇచ్చావా?" అని అడిగింది. కర్నూలులో మా వీధిలో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపడం ఎరగము. నా వద్ద సమాధానం లేకపోయింది.

మరుసటి వారం అదే డబ్బా మళ్ళీ గుమ్మం ముందు కనబడింది. ఈసారి అందులో పాలకూర. మూతకు అంటించిన ఒక చీటీ. సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన కొరియా లిపి కొద్ది రోజులలోనే పట్టుబడుతుంది. అక్షరమక్షరం కూడబలుక్కొని చదివాను: పాలకూర, ఉప్పు, వెల్లుల్లి, నువ్వులు, నువ్వుల నూనె. అంతే. నేను అడగవలసినదానికి, అడగకుండానే ఆమె జవాబిచ్చారు. ఆ చీటీ పట్టుకొని కిందికి దిగి, వచ్చిన నాలుగు మాటలలో క్షమాపణ చెప్పుకొన్నాను. ఆమె నా చేయి పట్టుకొని వంటింటిలోకి తీసుకొని వెళ్ళారు.

అక్కడ నేర్చినవి కష్టమైన వంటలు కావు. మరిగే నీటిలో ఉప్పు వేసి, పాలకూర కట్టను నిమిషమైనా నిండకుండా ఉడికించి, వెంటనే చన్నీటిలో ముంచి, గట్టిగా పిండాలి. నూరిన వెల్లుల్లి రెబ్బ, చెంచాడు నువ్వుల నూనె, వేయించిన నువ్వులు, చిటికెడు ఉప్పు చేర్చి చేతితో కలపాలి. గరిటె పనికిరాదు. 'సోన్‌మాత్' అంటారు వారు. చేతిలోని రుచి అన్నమాట. దోసకాయ ముక్కలనైతే ఉప్పు చల్లి పది నిమిషాలుంచి, నీరు పిండి, మిరపపొడి, వెల్లుల్లి, కొద్దిగా వెనిగరు, చక్కెర పట్టిస్తే చాలు. సోయా రసం కొన్నింటిలో నిలువ కొరకు మద్యసారం కలుపుతారు కనుక సీసా మీది రాత చదివి కొనడం కూడా ఆమె పక్కన నిలబడే నేర్చుకొన్నాను. నేను భయపడి పారవేసిన కిమ్చీలో ఉన్నది ఊరబెట్టిన చిన్న చేపల రసమేనని కూడా అప్పుడే తెలిసింది.

నేను తిరిగి వచ్చి కొన్ని ఏళ్ళయింది. అమ్మీకి వయసు మీదపడింది. నూనె, మసాలా తగ్గించమని వైద్యులు చెప్పిన నాటి నుండి ఆమెకు ముద్ద దిగడం కష్టమైంది. అప్పుడు హల్మొనీ వంటలు నాకు అక్కరకు వచ్చాయి. అక్కడి నువ్వుల నూనె వేయించిన గింజల నుండి తీసినది. మన పచ్చి నువ్వుల నూనెకు ఆ సువాసన ఉండదు. అందుచేత నువ్వులు దోరగా వేయించి దంచి వేస్తాను. వారి మిరపపొడి గింజలు తీసినది, బరకగా, తక్కువ కారంతో ఉంటుంది. దానికి బదులు బ్యాడిగి మిరప వాడతాను. మొదటిసారి పాలకూర నోటపెట్టుకొని, "పోపు మరచిపోయావు" అన్నది అమ్మీ. అయినా ఆ పూట అన్నం వదలలేదు.

మొన్న నేను వెల్లుల్లి నూరుతుండగా ఆమె నా చేయి ఆపింది. "అది వేయకముందే ఒక గిన్నె తీసి పెట్టు. పక్కింటి టీచరమ్మగారు వెల్లుల్లి ముట్టరు కదా. ఏమేమి వేశావో కాగితం మీద రాసి పంపు" అన్నది. రాసి పంపాను.

సాయంత్రానికి ఆ గిన్నె గోంగూర పచ్చడితో తిరిగి వచ్చింది. మూత మీద ఒక చీటీ: గోంగూర, ఎండుమిరప, మెంతులు, ఉప్పు, నూనె.